సోలార్ ప్లేటుకు పట్టుతెర

సోలార్ ప్లేటుకి ఎండ తగలకుండా షెడ్డు వేయించిన ఆఫీసు మాదే. ఈ సంగతి ఎవరు ఎత్తినా నవ్వుతూనే ఎత్తుతున్నారు. నవ్వేవాళ్లకి అసలు విషయం తెలీదు, తెలుసుకునే ఓపిక అంతకన్నా లేదు. మేమేమీ ఒక్కసారిగా షెడ్డు దాకా వెళ్లలేదు. ముందు తెర కట్టాం. తెర సరిపోకే షెడ్డు వేశాం. అంతా ఒక పద్ధతి ప్రకారం జరిగింది. ఆ పద్ధతేమిటో మొదట్నించీ చెబుతాను, విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నా పేరు సీతాపతి. సౌరవెలుగు విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. మా డివిజనల్ అధికారి సుదర్శనరాజు గారు. ఆయనది ఎంత పద్ధతి గల ప్రాణమంటే, వాన పడుతోందని అటెండరు వచ్చి చెప్పాకే గొడుగు తెరుస్తారు. అటెండరు సెలవులో ఉన్న రోజు తడుస్తారు. అలాంటి అధికారి కింద పనిచేయడం అందరికీ దొరికే భాగ్యం కాదు.

ఇక గోగులంక సంగతి. గోదావరి పాయల మధ్య ఉన్న ఊరది. చుట్టూ నీళ్లు, మధ్యలో కొబ్బరి తోటలు, తోటల నడుమ కొబ్బరి పీచు తీసే మిల్లులు. కరెంటు తీగ ఏటి మీదుగా రావాలి. గాలి కాస్త గట్టిగా వీచిందంటే లంకలో కరెంటు పోతుంది, పోయింది మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌ని అడిగినా ఆకాశం వైపే చూస్తాడు. పీచు దుమ్ము మూలాన ఊళ్లో సగం మందికి ఆయాసం. అందరిలోకీ ఎక్కువ వీరవేణికి. పీచుతో తాళ్లు పేనే మనిషి. మబ్బు పట్టినా, చలిగాలి తిరిగినా ఛాతీలో పిల్లికూతలు మొదలై, మాట్లాడుతున్న మాట మధ్యలో ఆగిపోతుంది.

అప్పుడామెను ఊళ్లో ఉన్న ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకొచ్చి, నర్సు ఎస్తేరురాణి గారు నెబులైజర్ పెట్టాలి. ముక్కూ నోరూ కలిపి మూతలాంటిది పెట్టి, మందుని ఆవిరిలా పట్టే చిన్న మిషను అది. కరెంటు ఉంటే మిషను తిరుగుతుంది. లేకపోతే మనిషిని పడవెక్కించి ఏరు దాటించి అవతలి గట్టున ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మామూలువాళ్లకి ఆ ఏరు పెద్ద లెక్కలోది కాదు. ఊపిరాడని మనిషికి మాత్రం చాలా వెడల్పు.

ఇందుకోసమే ఆ ఉపకేంద్రానికి ఒక చిన్న సోలార్ ప్లేటు మంజూరైంది. చిన్నదంటే నిజంగా చిన్నదే, ఇద్దరు పక్కపక్కన కూర్చుని భోంచేసే బల్లంత కూడా ఉండదు. దాంతోపాటు ఒక బ్యాటరీ, రెండు బల్బులు, నెబులైజర్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు. వీటన్నిటికీ పెద్దమనిషిలా మధ్యలో ఒక చిన్న పెట్టె. బ్యాటరీ నిండితే ఇక చాలనేదీ, అడుగంటితే ఇక వాడొద్దని ఆపేదీ ఆ పెట్టే. ప్లేటు మీద ఎండ పడి కరెంటు వస్తున్నంతసేపూ దాని మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. మెకానిక్ వచ్చి డాబా మీద ప్లేటుని దక్షిణం వైపు వాల్చి బిగించాడు, మనవైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ అటునుంచే పడుతుందట. బిగించి ఊరుకుంటే బాగుండేది. స్విచ్చి వేసి, బల్బు వెలిగించి, నర్సు గారికి చూపించి మరీ వెళ్లాడు.

ఆ సాయంత్రమే కరెంటు పోయింది. వీరవేణికి ఆయాసం వచ్చింది. ఎస్తేరురాణి గారు మిషను పెట్టారు, తిరిగింది, కాసేపటికి వీరవేణి లేచి తనంతట తను ఇంటికి నడిచి వెళ్లింది. మర్నాడు నర్సు గారు మా ఆఫీసుకి ఫోన్ చేసి, మీ సోలార్ ప్లేటు పుణ్యమా అని ఒక మనిషి ప్రాణం నిలబడిందండీ అని కృతజ్ఞతలు చెప్పారు. అదిగో, ఆ ఫోన్ చేయకుండా ఉండాల్సింది.

నేనా కబురు చెప్పగానే సుదర్శనరాజు గారు పెన్ను కింద పెట్టారు. వాడారా అని అడిగారు. వాడారండీ అన్నాను. ప్రారంభోత్సవం కాకుండానే వాడారా అని అడిగారు. తప్పు ఎంత పెద్దదో నాకప్పుడు తెలిసొచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా జిల్లాలో ప్రారంభోత్సవం కాకపోతే ఆ వస్తువు లేనట్టే. బస్ షెల్టరు కట్టడం పూర్తయినా రిబ్బను కత్తిరించేదాకా జనం దాని పక్కనే వానలో నిలబడతారు. వంతెన పూర్తయినా కిందనించే పడవలో వెళుతూ, తలెత్తి చూసి, బాగా కట్టారని మెచ్చుకుంటారు. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, అలవాటైపోయింది. అలాంటి జిల్లాలో ఒక నర్సు, మంత్రిగారి చెయ్యి పడని కరెంటుని, మామూలు కరెంటే కదా అన్నట్టు వాడేసింది.

"ప్రారంభం కాని కరెంటు కరెంటే కాదు సీతాపతీ," అన్నారు సార్. "అది అనధికార వెలుతురు. అందులో జరిగిన దేనికీ విభాగం బాధ్యత వహించజాలదు."

ఆవిడకి ఊపిరాడిందటండీ అని నసిగాను.

"ఆడి ఉండవచ్చు. అది ఆవిడ వ్యక్తిగత విషయం."

ఆ మధ్యాహ్నమే నేను లక్కా, కొవ్వొత్తీ పట్టుకుని పడవెక్కి గోగులంక వెళ్లి స్విచ్చికి సీలు వేసి వచ్చాను. నర్సు గారే స్విచ్చి దగ్గరికి తీసుకెళ్లారు. నేను లక్క కరిగిస్తుంటే కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టారు కూడా. మంచి మనిషి. సీలు వేయడం అయ్యాక, మరి ఆయాసం వస్తేనో అని మాత్రం అడిగారు. మంత్రిగారు త్వరలోనే వస్తారని చెప్పాను.

కొద్దిరోజులకి సార్ స్వయంగా తనిఖీకి వచ్చారు. మిట్టమధ్యాహ్నం. స్విచ్చి సీలు చూసి తృప్తిపడి వెనక్కి తిరగబోతూ, చిన్న పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుండడం చూశారు. ఇదేమిటన్నారు. ఛార్జవుతోందండీ అన్నాను. ఎవరి అనుమతితో అన్నారు. ఎండ పడినంతసేపూ అది ఛార్జవుతూనే ఉంటుందనీ, అది దాని స్వభావమనీ చెప్పబోయాను. సార్ చెయ్యెత్తి ఆపారు. కిందకి దిగి పడవెక్కారు. నడిఏట్లో ఆయన మొహం వికసించింది.

"సూర్యుడు మన పరిధిలోకి రాడు," అన్నారు. "ఫలకం వస్తుంది. కాబట్టి మొదటి కిరణం మంత్రివర్యుల సమక్షంలోనే ఫలకం మీద పడునట్లు మనం చర్య తీసుకోవాలి. ఇంతవరకు పడినవి కిరణాలుగా పరిగణింపబడవు."

ఇందులో తప్పేముందో చెప్పండి. శిలాఫలకం వేయించినప్పుడు దానికి తెర కడతామా లేదా? మంత్రిగారు తాడు లాగేదాకా దానిమీద ఏం రాసి ఉందో ఎవరూ చదవకూడదు, అంతా తెలిసినా సరే. మరి రాతి పలకకి ఉన్న మర్యాద గాజు పలకకి అక్కర్లేదా? మా ఆఫీసులో ఇలాంటి పనులకి ఒక బీరువా నిండా తెరలున్నాయి. వాటిలోంచి పసుపుపచ్చ పట్టుతెర, జరీ అంచుది, లాగగానే జారిపోయే తాడున్నది, ఏరి తీసుకెళ్లి నేనే కట్టాను. కట్టగానే ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. ఇప్పుడు క్రమబద్ధమైంది అన్నారు సార్.

నర్సు గారు కింద మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు, మొదటి కిరణం సంగతి నేనే ఆవిడకి చెప్పాను. మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఈసారి సార్ జవాబు చెప్పారు.

"ప్రారంభోత్సవం అతి త్వరలో ఉంటుందమ్మా. అంతవరకు రోగులు విభాగానికి సహకరించాలి."

తారీఖు ఖాయమయ్యాక మూఢం వచ్చింది. మూఢంలో శుభకార్యం చేయరు. మూఢం వెళ్లాక అసెంబ్లీ వచ్చింది. అసెంబ్లీ అయ్యాక మంత్రిగారికి పన్ను పీకారు, బుగ్గ వాచి ఉంది, ఫోటోల్లో బాగుండదన్నారు. వాపు తగ్గాక ఎక్కడో ఉప ఎన్నికొచ్చి కోడ్ అమల్లోకి వచ్చింది. కోడ్ వస్తే మంత్రుల పేర్లున్న శిలాఫలకాలన్నీ కప్పాలి. అన్ని ఆఫీసులవాళ్లూ గుడ్డల కోసం పరుగులు పెడుతుంటే, మా విభాగం ఒక్కటే అన్నీ ముందే కప్పి ఉంచుకుందని సార్ మురిసిపోయారు.

ఈలోగా వీరవేణిని పడవ మీద దాటిస్తూనే ఉన్నారు. ఒకసారి ఏట్లో ఎదురుగాలి. పడవ కదలదు. వాళ్ల తమ్ముడు ఆమె వీపు రాస్తూ, ఇదిగో వచ్చేశాం అక్కా, ఇదిగో వచ్చేశాం అంటూనే ఉన్నాడట. గట్టు చేరేసరికి ఆమె పెదాలు నీలం తిరిగాయని నర్సు గారు ఫోన్లో చెప్పారు. వెళ్లి సార్‌కి చెప్పాను. సార్ చాలా కదిలిపోయారు. కదిలిపోయి, ప్రారంభోత్సవ సభలో లబ్ధిదారు తరఫున ఆవిడ చేతే మాట్లాడిద్దామని నిర్ణయం తీసుకున్నారు.

ఇక తెర విషయం. ఏటిగాలి కదా, ఊరికే ఉండదు, తెరని పక్కకి తోసేసేది. నేను వెళ్లినప్పుడల్లా తెర ఒక మూలకి జారి ఉండేది, పెట్టె మీద ఆకుపచ్చ దీపం గుడ్లప్పగించి చూస్తుండేది. గాలికండీ అనేవారు నర్సు గారు. నేనూ గాలికే అనుకున్నాను. సార్ మాత్రం, గాలి ప్రతిసారీ ఎండ బాగా ఉన్నప్పుడే ఎందుకు వీస్తోందని అడిగారు. అలా ఆలోచించగలగడం వల్లే ఆయన అధికారి అయ్యారు, నేను కాలేదు.

అప్పుడు వచ్చింది షెడ్డు. ప్లేటు చుట్టూ రేకు గోడలు, పైన రేకు కప్పు, ఒక తలుపు, తలుపుకి తాళం. దానికో కాపలా మనిషి. లోపల పట్టపగలే చీకటి, తెర ఉందో జారిందో కనబడడం లేదని కాపలా మనిషి మొత్తుకుంటే ఒక బల్బు పెట్టించాం. రేకుల వేడికి లోపల ఉడికిపోతున్నానంటే ఫ్యానూ పెట్టించాం. రెండూ ఊరి కరెంటు మీదే. బల్బు పెట్టాక సార్‌కి ఒక కొత్త సందేహం వచ్చింది. బల్బు వెలుగు ప్లేటు మీద పడితే అదీ కిరణమే అవుతుందా కాదా అని. పడకుండా ఉండడమే క్షేమమని, షెడ్డు లోపల కూడా తెర అలాగే ఉంచాం. అంచేత ఎండ తగలకుండా షెడ్డూ, షెడ్డులో బల్బు వెలుగు తగలకుండా తెరా. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వుతారు. ఆ బల్బు పెట్టకపోతే తెర జారిందని ఎలా తెలుస్తుందో వాళ్లనే చెప్పమనండి.

కార్తీక మాసంలో చివరికి తారీఖు కుదిరింది. ముందురోజు షెడ్డు విప్పించి, డాబా ముందు వేదిక వేయించాం. మంత్రిగారు నమస్కారం పెడుతూ నవ్వుతున్న నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాం. డాబా మీది తెరకి పొడుగాటి తాడు కట్టి, కొస వేదిక మీదకి దించాం. స్విచ్చి సీలు విప్పి, ఎందుకైనా మంచిదని నేనొకసారి వేసి చూశాను. బల్బు వెలగలేదు. మళ్లీ వేశాను. లేదు. నెలల తరబడి ఎండ మొహం చూడక బ్యాటరీ చచ్చి ఊరుకుంది.

పరుగెత్తుకెళ్లి సార్‌కి చెప్పాను. ఈ ఒక్కరోజూ తెర తీసి ఎండ తగలనిస్తే కాస్త లేస్తుందేమోనని కూడా అన్నాను. నైవేద్యం పెట్టకముందే ప్రసాదం తిందామని అడిగినట్టు చూశారు సార్. తర్వాత శాంతంగా, వెలుతురు ముఖ్యం, మూలం కాదు అన్నారు. సాయంత్రానికల్లా అవతలి గట్టు నుంచి డీజిల్ జనరేటరు పడవ మీద దిగింది. ఉపకేంద్రం వెనకాల అరటి మొక్కల చాటున పెట్టించి, దాని తీగ లోపలినించి తెచ్చి సోలార్ బల్బులకీ ప్లగ్గుకీ మైకుకీ కలిపించాం. మంత్రిగారు స్విచ్చి నొక్కగానే అటెండరు రుమాలు ఊపాలి, నేను జనరేటరు తాడు లాగాలి. నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత నమ్మకమైన పని నాకెవరూ ఎప్పుడూ అప్పగించలేదు.

పొద్దున్నే వస్తామన్న మంత్రిగారు పూలదండలు కట్టిన లాంచీలో పొద్దు గుంకే వేళకి దిగారు. వస్తూనే తాడు లాగారు. తెర జారింది. బాజాలు మోగాయి. అప్పటికే సూర్యుడు కొబ్బరి తోట వెనక్కి దిగిపోయాడన్న సంగతి ఆ సందడిలో ఎవరూ గమనించలేదు. స్విచ్చి నొక్కారు, రుమాలు ఊగింది, నేను లాగాను, బల్బులు వెలిగాయి, జనం చప్పట్లు కొట్టారు. నేనున్న మూల నుంచి వేదిక పక్కగా కనబడుతోంది.

లబ్ధిదారుని పిలిచారు. వీరవేణి కొత్తచీర కట్టుకుని మైకు ముందుకొచ్చింది. నా పేరు వీరవేణండీ, ఈ సోలార్ ప్లేటు వచ్చాక, అంది. అంతే. అరటి మొక్కల మీంచి జనరేటరు పొగ గాలికి తిన్నగా వేదిక మీదకే వెళుతోంది. ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒంగిపోయింది. కృతజ్ఞతతో నోట మాట రావడం లేదని సార్ మైకులో చెప్పారు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

నర్సు గారొక్కరే లేచి పరుగెత్తారు. వీరవేణిని కుర్చీలో కూర్చోబెట్టి, నెబులైజర్ తెచ్చి ప్లగ్గులో పెట్టి, మూత మొహానికి ఆనించారు. మిషను తిరిగింది. ఫోటోలవాళ్లు మీద పడ్డారు. మంత్రిగారు మైకందుకుని, చూశారా మా ప్రభుత్వ పనితీరు, కళ్లముందే ఊపిరి పోస్తున్నాం అని మొదలుపెట్టారు. బాగా మాట్లాడుతున్నారు. వెనకాల జనరేటరు మాత్రం ఒకటే మోత. రెండు మూడుసార్లు విసుగ్గా వెనక్కి చూశారు.

"ఎవరయ్యా అక్కడ, ఆ మోత ఆపండి. సూర్యుడి గురించి చెబుతుంటే ఈ గోలేమిటి?"

సార్ నా వైపు చూసి చెయ్యి ఊపారు. ఆపాను.

ఊరి కరెంటు మధ్యాహ్నమే పోయింది, బల్బులు ఆరిపోయాయి. మైకు ఆరిపోయింది. మిషను ఆగిపోయింది. ఆ మసక చీకట్లో ఒకే ఒక్క చప్పుడు వినబడింది, వీరవేణి ఛాతీలోంచి వస్తున్న కూత. నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది. అంత భయం నా జన్మలో ఎరగను. జనరేటరు మళ్లీ లాగాను, తాడు తెగి చేతిలోకి వచ్చింది.

ఎస్తేరురాణి గారు మిషను పక్కన పెట్టేశారు. వీరవేణిని ఒక పక్క తను, ఒక పక్క ఆమె తమ్ముడు పట్టుకుని రేవు వైపు నడిపించుకుపోయారు. రేవులో సిద్ధంగా ఉన్నది మంత్రిగారి లాంచీ ఒక్కటే.

"లాంచీ తియ్యి," అన్నారు నర్సు గారు డ్రైవరుతో.

అతను మంత్రిగారి వైపు చూశాడు, తర్వాత వీరవేణి మొహం చూశాడు. తీశాడు. పూలదండలతో సహా లాంచీ వెళ్లిపోయింది.

లాంచీ తిరిగొచ్చేదాకా మంత్రిగారు తన ఫ్లెక్సీ కింద కుర్చీలో కూర్చుని దోమల్ని తోలుకున్నారు. దీపాలు మళ్లీ ఎప్పుడొస్తాయని ఆయన పీఏ అడిగితే, సౌరవిద్యుత్తు సాయంత్రం పూట విశ్రాంతి తీసుకొనును అని సార్ వివరించారు. వీరవేణి బతికి బట్టకట్టిందన్న కబురు లాంచీ డ్రైవరు తెచ్చేదాకా నేను ఆ తెగిన తాడు చేత్తో పట్టుకునే ఉన్నాను.

ఇంతటితో అయిపోవాలి కదా. సార్ రెండు రోజులు ఆలోచనలో పడ్డారు. మూడోరోజు పొద్దున్నే పిలిచి, మంత్రివర్యులు తెర తొలగించిన సమయమునకు సూర్యుడు హాజరు కాలేదు సీతాపతీ అన్నారు. మొదటి కిరణం ఆయన సమక్షంలో పడలేదు. కాబట్టి ప్రారంభోత్సవం అసంపూర్తి. కాబట్టి ఆయన మళ్లీ వచ్చేదాకా తెర మళ్లీ కట్టి రావాలి. బీరువాలోంచి పట్టుతెర తీసుకుని పడవెక్కాను. దారి పొడుగునా అది నా ఒళ్లో బరువుగానే ఉంది.

ఉపకేంద్రం దగ్గర వీరవేణి అరుగు మీద కూర్చుని ఉంది. మనిషి వడిలిపోయింది గానీ ఊపిరి సాఫీగా ఉంది. నన్నూ, నా చేతిలో తెరనీ చూసింది. తల తిప్పుకుంది. నేను డాబా ఎక్కాను. ఎక్కి ఆగిపోయాను. సభలో కట్టిన మంత్రిగారి ఫ్లెక్సీ అక్కడుంది. ప్లేటు వెనకాల, ఉత్తరం వైపు, రెండు వెదురు గెడలకి పీచుతాళ్లతో బిగించి కట్టి ఉంది. తాళ్లు వీరవేణి పేనినవే, కొత్తవి. మంత్రిగారు చేతులు జోడించి ప్లేటు వైపే చూస్తూ నవ్వుతున్నారు. ప్లేటు మీద ఎండ ధారాళంగా పడుతోంది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

నర్సు గారు నా వెనకే పైకి వచ్చారు.

"ఎండ మంత్రిగారి సమక్షంలోనే పడతా ఉందండి," అన్నారు. "పొద్దుట్నించీ ఆయన ఇక్కడే ఉన్నారు. మీరే చూసుకోండి."

నేను చూసుకున్నాను. ఎంత వెతికినా రూలుకి విరుద్ధమైంది ఏదీ దొరకలేదు. అక్కణ్నించే సార్‌కి ఫోన్ చేశాను. ఫోటోలో మంత్రివర్యులు నవ్వుచున్నారా అని అడిగారు. నవ్వుతున్నారండీ అన్నాను. అయితే సమ్మతించినట్టే అన్నారు. మన ఆఫీసులో రోజూ మనం లేచి నమస్కారం పెట్టేది ఫోటోకే కదా, ఆఫీసులో చెల్లేది డాబా మీద ఎందుకు చెల్లదన్నారు. ప్రారంభోత్సవం పూర్తయినట్టు ప్రకటించేశారు. నేను తెర మడిచి చంకలో పెట్టుకుని దిగివచ్చాను. బ్యాటరీ నాలుగు ఎండలు తిన్నాక మెల్లగా కోలుకుందని తర్వాత తెలిసింది. మునుపటంత కాకపోయినా, మిషను తిప్పే పాటి బలం వచ్చిందట.

ఇది పైవాళ్లకి ఎంత నచ్చిందంటే, జిల్లాలో ఉన్న ప్రతి సోలార్ ప్లేటు దగ్గరా మంత్రిగారి ఫ్లెక్సీ కట్టాలని సర్క్యులర్ వచ్చింది. సార్‌కి శాలువా కప్పారు. అందరూ గోగులంక పద్ధతిలోనే ఉత్తరం వైపు కట్టారు. అంతలో మంత్రిగారి వాస్తు సలహాదారు ఒక ప్లేటు చూసి గుండెలు బాదుకున్నారట. ఉత్తరాన నిలబడితే మొహం దక్షిణానికి ఉంటుంది. దక్షిణం యముడి దిక్కు. మంత్రిగారు జిల్లా అంతటా పగలూ రాత్రీ యముడికి నమస్కారం పెడుతున్నారు. వెంటనే రెండో సర్క్యులర్ వచ్చింది. మంత్రివర్యుల ముఖము ఉత్తరమునే చూడవలెను. అంటే ఫ్లెక్సీ ప్లేటుకి దక్షిణాన, ఎదురుగా నిలబడాలి.

అందరూ మార్చారు. మార్చగానే దీపాలు వెలగడం లేదని ఊరూరి నుంచీ ఫిర్యాదులొచ్చాయి, ఫ్లెక్సీ నీడ ప్లేటు మీద పడుతోందట. సార్ అందరికీ ఒకే జవాబు ఇచ్చారు. మంత్రివర్యుల నీడన ఉన్నవారు వెలుతురుకై తొందరపడరాదు. గోగులంక నుంచి మాత్రం ఫిర్యాదు రాలేదు. రాలేదంటేనే అనుమానం అన్నారు సార్. వెళ్లి, ఫ్లెక్సీ ఏ దిక్కు చూస్తోందో స్వయంగా నిర్ధారించుకుని రమ్మన్నారు.

పుష్యమాసం. ఏటి మీద చలి ఇంకా విడవలేదు. ముందురోజు సాయంత్రం కూడా లంకలో కరెంటు పోయిందనీ, వీరవేణికి మిషను పెట్టాల్సి వచ్చిందనీ పడవ నడిపే మనిషి చెప్పాడు. దాటించలేదా అని అడిగాను. అవసరం పడలేదండి అన్నాడు.

డాబా ఎక్కేసరికి వీరవేణి పైనే ఉంది, వదులైన తాడు మళ్లీ బిగిస్తోంది. నర్సు గారు గెడ పట్టుకున్నారు. మంత్రిగారు మొన్న ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. నేను సర్క్యులర్ సంగతి చెప్పాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మంత్రిగారి మొహం ఏ దిక్కు చూస్తోందని అడిగాను. నర్సు గారు నోరు తెరవబోయారు, కానీ వీరవేణి తాడు వదిలి ముందుకొచ్చింది.

"ఆయ్, ఉత్తరమేనండి. మా తాతల నాటి నుంచీ ఈ లంకలో అందరం అటేపునే ఉత్తరం అంటామండి. కావాలంటే ఊళ్లో ఎవుర్నన్నా అడగండి, ఇదే చెప్తారండి."

అంత పొడుగు మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

నేను వెళ్లి మంత్రిగారి పక్కన నిలబడి, ఆయన చూస్తున్న వైపే చూశాను. ఎండ తిన్నగా కళ్లలో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి దిక్కులు తెలియకుండా ఉంటాయా? అక్కణ్నించే సార్‌కి ఫోన్ చేసి, ఉత్తరమే చూస్తున్నారండీ, స్వయంగా నిర్ధారించుకున్నానని చెప్పాను. సూర్యుడు ఎటున్నాడని సార్ అడగలేదు. సర్క్యులర్‌లో సూర్యుడి ప్రస్తావన లేదు.